పద్దెనిమిది రోజుల ఎక్స్‌పోర్ట్

భానుప్రకాశ్ నా సంసారాన్ని పాడుచేశాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆయన్ని అడిగితే ఒప్పుకోడు, నవ్వుతాడు. నవ్వినంత మాత్రాన అది మారదు.

బన్సీలాల్‌పేటలో ఆయనకు పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. నేను అందులో ఎడిటర్‌గా చేసేవాణ్ణి. మాది చీపురుపల్లి వైపు ఒక ఊరు. పదో తరగతి వరకు ఊరి బడిలో చదివాను. కంప్యూటరు పని సికింద్రాబాద్ వచ్చాక, ఎవరూ చెప్పకుండా, కూర్చుని నేర్చుకున్నాను. తలంబ్రాలు నెమ్మదిగా పడేట్టు చెయ్యడం, అప్పగింతల్లో ఏడుపు దగ్గర పాట తగ్గించడం, ముత్తయిదువుల వరసలో కెమెరాకు వీపు పెట్టినవాళ్లను కత్తిరించడం, అదీ నా పని.

రజిత జూలై ఎనిమిదో తారీకున వచ్చింది. బయట వాన. తను పూర్తిగా తడిసింది. చున్నీలో చుట్టి తెచ్చిన ల్యాప్‌టాప్ మాత్రం తడవలేదు.

"అన్నా, ఈడ వీడియోలు చేసేది ఎవరు?"

"నేనేనండి."

"మా కల్పలతక్క పెండ్లి వీడియో నువ్వే చేసినవట. అండ్ల ఆమె మెడల ముత్యాలు ఒక్కొక్కటి కనవడ్తున్నయ్. మరి నా వీడియోల గడ్డి చూడు. గడ్డేనా ఇది? గోంగూర పచ్చడి లెక్క ఉన్నది."

చూశాను. ఏదో ఆట. అడవి, వాన, చెట్ల మాటున దాక్కుని కాల్చుకునే రెండు జట్లు. బొమ్మ మధ్యలో బాగానే ఉంది. మనిషి కదిలితే చాలు, గడ్డి అంతా గళ్లుగళ్లుగా పగిలిపోతోంది. వాన చినుకులు అసలు లేవు. బూడిద రంగు చతురస్రాలు కిందికి జారుతున్నాయి.

"ఫోర్ కే పెట్టిన. బిట్‌రేట్ అరవై పెట్టిన. ఎక్స్‌పోర్ట్ అయినంక చూస్తే తొమ్మిది. నేనేం పాపం చేసిన చెప్పన్నా."

"అన్నా అనకండి" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"మరేమనాలె? సార్ అననీకి నువ్వంత పెద్దగ లేవు."

"నా పేరు వరహాలబాబు."

"అబ్బో! గంత పొడుగు పేరు ఎక్స్‌పోర్ట్ అయ్యేసరికి సాయంత్రమైతది. బాబు అంట, నడుస్తదా?"

నడుస్తుందని చెప్పాను.

ఎక్స్‌పోర్ట్ అంటే చేసిన వీడియోను ఒక్క ఫైలుగా బయటికి తియ్యడం. బిట్‌రేట్ కూడా పెద్ద విషయం కాదు. ఒక్కో సెకను బొమ్మకు ఎంత సమాచారం ఇస్తున్నామో ఆ లెక్క. ఫోర్ కే లాంటి పెద్ద బొమ్మకు తక్కువ ఇస్తే మెషీను దేన్నో ఒకదాన్ని వదిలేయాలి. మొదట వదిలేసేది గడ్డిని, వానను. సన్నగా ఉండి, ఎప్పుడూ కదిలేవాటిని.

"ఇది బాగవకపోతే ఏటవుతుందండి?"

"ఏటి అంటే ఏంది?"

"ఏంది అంటే ఏటి."

ఆమె పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, విషయం చెప్పింది. బెంగళూరులో ఒక కంపెనీ ఆటల పోటీలు నడుపుతోంది. తెలుగులో కామెంటరీ చెప్పేవాళ్లు కావాలంది. ఇరవై నిమిషాల వీడియో, మన గొంతుతో, ఫోర్ కేలో పంపాలి. బిట్‌రేట్ నలభైకి తక్కువైతే వాళ్ల సైటు ఫైలునే తీసుకోదు. ఇప్పటికి మూడుసార్లు తిప్పికొట్టింది. ఆఖరి తారీకు ఇరవై అయిదు, సాయంత్రం ఆరు గంటలు.

"రాకపోతే కాల్ సెంటర్ల కూసుంట. రాసిచ్చింది చదువుత. నా మాట నేను మాట్లాడే నౌకరీ నాకు ఇదొక్కటే కనవడ్డది బాబు."

గొంతు విందామని శబ్దం పెంచాను. అలాంటి కామెంటరీ నేను వినలేదు. వేగంగా మొదలై, ఒక చోట ఆగి, మళ్లీ పైకి లేచేది. వినేవాడికి ఊపిరి అందదు.

"ఇదెక్కడ నేర్చుకున్నారు?"

"నేర్చుకునుడేంది? మా నాయిన బోయిన్‌పల్లి మార్కెట్ల టమాట వేలం పాడ్తడు. పొద్దుగాల అయిదింటికి ఆయన పాట వింటనే నేను పెద్దగైన."

వాన తగ్గలేదు. ల్యాప్‌టాప్ తడుస్తుందని ఆమె దాన్ని నా దగ్గరే వదిలి బస్సెక్కింది.

మర్నాడు తొమ్మిదిన్నరకు స్టూడియో తెరిచి దాని ముందు కూర్చున్నాను. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో అరవై అనే ఉంది. దాని కింద ఎన్‌కోడింగ్ అని ఒక వరస. అందులో హార్డ్‌వేర్ అని ఉంది. అంటే బొమ్మను కుదించే పని ల్యాప్‌టాప్‌లోని చిప్పు చేస్తోంది. ఆ చిప్పు తొందరగా చేస్తుంది, చెప్పిన మాట వినదు. దాన్ని సాఫ్ట్‌వేర్ అని మార్చాను. ఒక నిమిషం ముక్క తీసి చూశాను. బిట్‌రేట్ యాభై ఎనిమిది. గడ్డి గడ్డిలా ఉంది. ఆకు మీద చినుకు పడి విరగడం కనిపించింది.

నాలుగు నిమిషాలు పట్టింది.

"సార్, దొరికిందండి" అని అరిచాను.

భానుప్రకాశ్ కెమెరా సంచి సర్దుకుంటున్నాడు. మెట్లబావి దగ్గర ఎవరో కాబోయే దంపతుల షూట్ ఉంది ఆ రోజు. వచ్చి చూశాడు.

"ఇంతేనా? అయితే ఆ పిల్ల పదకొండింటికి వస్తది, తీస్కపోతది. నువ్వు మళ్ల తలంబ్రాల్ల పడ్తవ్."

ఆయన నా మొహం చూశాడు.

"నిన్న నువ్వు నవ్వినవ్ రా. రెండేండ్ల సంది నా షాపుల పనిచేస్తున్నవ్, నీకు పండ్లున్నయని నిన్ననే ఎరుకైంది. ఒక్క దినంల రోగం నయం చేసే డాక్టర్ని యాడన్న చూసినవా? జెర తిప్పించుకోవాలె పిచ్చోడా."

ఆయన నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆయనకది ఒక మాట. బండి స్టార్ట్ చేసేసరికి మరిచిపోయి ఉంటాడు.

నేను సాఫ్ట్‌వేర్ అన్న చోట మళ్లీ హార్డ్‌వేర్ పెట్టాను. నా చేత్తోనే పెట్టాను. తీసి చూసిన ముక్కను చెరిపేశాను.

పదకొండింటికి ఆమె వచ్చింది. "ఏమైంది బాబు?"

"చూడాలండి. కొంచెం తిరకాసుగా ఉంది."

తర్వాత రోజుల్లో నేను చెప్పిన కారణాలన్నీ నిజంగా ఉండేవే. అందుకే నమ్మింది. పాత తాత్కాలిక ఫైళ్లు పేరుకుపోయాయన్నాను. రికార్డింగులో ఫ్రేములు సమంగా లేవన్నాను. చిప్పు వేడెక్కుతోందంటే, ఇంటి నుంచి చిన్న టేబుల్ ఫ్యాన్ తెచ్చి ల్యాప్‌టాప్‌కు ఎదురుగా పెట్టింది. దానికి గాలి విసురుతూ తను చెమటతో కూర్చుంది. ఒక రోజు రికార్డింగే బాగా రాలేదన్నాను. ఇరవై నిమిషాల ఆట మళ్లీ ఆడి, మళ్లీ కామెంటరీ చెప్పి తెచ్చింది. గొంతు బొంగురుపోయింది.

"నాకు తక్లీఫ్ ఏం లేదు. నువ్వే పరేషాన్ అయితున్నవ్ నా కోసం" అంది.

ఒక మధ్యాహ్నం చల్లారాలని ల్యాప్‌టాప్ పక్కన పెట్టాం. నా తెరమీద ఎవరిదో పెళ్లి నడుస్తోంది. తలంబ్రాలు. ఆమె కుర్చీ లాక్కుని ముందుకొచ్చింది.

"వధువు కుడి చేత్తోని షురూ చేసింది! పెండ్లికొడుకు తల వంచిండు, తప్పు చేసిండు! అరెరె, ఆడపడుచు ఎన్కకెల్లి దోసిలి నింపుతున్నది, ఇది రూల్స్‌ల లేదు! పంతులు చూస్తలేడు! పెండ్లికొడుకు లేచిండు, పళ్లెం ఎత్తిండు, మొత్తం పళ్లెం... గుమ్మరించిండు! మ్యాచ్ అయిపోయింది! వధువు కండ్లల్ల బియ్యం! పెద్దమనుషులు దిగిండ్రు!"

చాయ్ తెచ్చిన మనిషి గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను బల్ల మీద తల పెట్టి నవ్వాను. భానుప్రకాశ్ లోపలి గదిలోంచి, "రోగం ముదురుతున్నదా డాక్టర్ సాబ్?" అన్నాడు.

"ఎవరికి రోగం?" అంది రజిత.

"ల్యాప్‌టాప్‌కండి" అన్నాను.

పదో రోజున ఆమె ఒక మాట అడిగింది. "నువ్వేమనుకోకు బాబు. ప్యారడైజ్ దిక్కు కంప్యూటర్ షాపులు మస్తున్నయ్ గదా. ఒక్కసారి ఆడ సుత చూపియ్యాల్నా?"

"చూపించండి. కానీ వాళ్లు ముందు ఫార్మాట్ కొట్టేస్తారు. మీ రికార్డింగులన్నీ పోతాయి."

అది అబద్ధం. ఎవరూ అలా చేయరు. ఆమె మొహం పాలిపోయింది. ల్యాప్‌టాప్‌ను నా వైపు జరిపింది. "వద్దులే. నీ దగ్గర్నే ఉండనియ్యి" అంది.

నేను దుర్మార్గుణ్ణని అప్పుడు అనుకోలేదు. ఆఖరి తారీకు లోపల ఇచ్చేస్తాను కదా అనుకున్నాను. రెండు రోజుల ముందే ఇద్దామని కూడా అనుకున్నాను. పదహారో రోజు సాయంత్రం ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో ఆమె గొడుగు దులుపుతూ, "ఎల్లుండికి అయిపాయె. అయినంక నేను ఈడికి ఏం పనిమీద రావాలె బాబు?" అంది. నా వైపు చూసింది. ఆ చూపుకు జవాబు నా దగ్గర ఉంది. ఆ జవాబు చెప్పడానికి ధైర్యం లేదు. ఎల్లుండి దాకా నెట్టడం తేలిక.

ఇరవై అయిదో తారీకు. పొద్దున పదింటికి, "ఒక్కటి చూస్తానండి" అని సాఫ్ట్‌వేర్ పెట్టాను. పూర్తి వీడియో తయారయ్యేసరికి ఒంటిగంట పదిహేను. తెరిచి చూపించాను. రజిత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాన కనవడ్తున్నది బాబు! చూడు, ఆకు మీద నీళ్లు!"

అరవై దగ్గర ఉంది బిట్‌రేట్. నన్ను నేను మెచ్చుకున్నాను. ఆరు గంటలకు ఇంకా నాలుగున్నర గంటలుంది.

ఒంటిగంటన్నరకు సైటులో ఫైలు ఎక్కించడం మొదలుపెట్టాను. పది నిమిషాల తర్వాత చూస్తే మూడు శాతం దగ్గర ఉంది.

పెళ్లి వీడియోల పనిలో మేం పెన్‌డ్రైవ్‌లో వేసి, పసుపు కుంకుమ కవరులో పెట్టి, చేతికిస్తాం. పెద్ద ఫైలుకు హార్డ్‌డిస్కు ఇస్తాం. పెళ్లికూతురి నాన్న వచ్చి తీసుకుపోతాడు. నా జన్మలో నేను పెద్ద ఫైలును నెట్‌లో ఎక్కించలేదు. బిట్‌రేట్ తొమ్మిది ఉన్నప్పుడు ఆ వీడియో ఒకటింబావు జీబీ. అరవై అయ్యేసరికి తొమ్మిది జీబీ. బొమ్మ బాగుపడితే బరువు పెరుగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. అది వాన నీళ్లలా గొట్టంలోంచి పోవాలని, మా షాపు గొట్టం సన్నదని, ఆ రోజుదాకా నాకు తట్టలేదు. చదువుకున్నవాడైతే రెండో రోజే లెక్క వేసేవాడు.

ఆమె ఫోనులో నెట్ పెట్టి చూద్దామంది. మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. అదీ అంతకంటే నెమ్మది. బిట్‌రేట్ నలభైకి తగ్గించి మళ్లీ తీయాలంటే ఇంకో మూడు గంటలు. ఆపకుండా చూస్తూ కూర్చున్నాం.

మూడింటికి ఇరవై ఆరు. నాలుగున్నరకు యాభై రెండు.

"యాభై రెండు, యాభై రెండు, యాభై మూడు అనేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని వాళ్ల నాన్న వేలంలా పాడింది. ఇద్దరం నవ్వలేదు. తర్వాత ఆమె కూడా పాడలేదు.

ఆరు గంటలకు డెబ్భై తొమ్మిది. తెర ఒకసారి తెల్లబడింది. గడువు ముగిసిందని, ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలని రాసుంది.

రజిత ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. ల్యాప్‌టాప్ మూసింది. టేబుల్ ఫ్యాను తీగ చుట్టింది. బయటికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. వాన దంచుతోంది. పక్కన చాయ్ కొట్టు చూరు కింద నిలబడ్డాం.

అప్పుడు చెప్పి ఉండాల్సింది.

"పోనీలే" అంది. కళ్లు తుడుచుకుంది. "వచ్చే ఏడు మళ్ల పిలుస్తరు."

"నన్ను క్షమించండి" అన్నాను. అంతవరకే అన్నాను.

"నువ్వేం చేసినవ్? పద్దెనిమిది దినాలు తిండి మానుకొని కూసున్నవ్ నా కోసం. మా ఇంట్ల సుత ఎవ్వరు గిట్ల కూసోలే. ఇగ ఆ పిల్ల ఏం చేస్తదిలే, ఆటలు ఆడ్తది అనేటోళ్లే అందరు." చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. "నీకింత ఓపిక యాడికెల్లి వచ్చింది బాబు?"

చూరు నీళ్లు మా కాళ్ల ముందు పడుతున్నాయి. నేను తల దించుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకుంది.

"ఇగో, నేనే అంటున్న. నువ్వు అడగాలంటే దానికి సుత పద్దెనిమిది దినాలు చేస్తవ్. పెండ్లి చేసుకుంటవా నన్ను?"

చేసుకుంటానన్నాను.

వాళ్ల నాన్న సదాశివ నన్ను మార్కెట్‌కు రమ్మన్నాడు. పొద్దున ఆరింటికి, టమాటా డబ్బాల మధ్య. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏ ఊరు?"

"చీపురుపల్లి దగ్గరండి."

"తాగుతవా?"

"లేదండి."

"నా బిడ్డ నోరు ఆగదు. ఎరుకేనా?"

"నాకు ఆ నోరే నచ్చిందండి."

ఆయన మీసం కింద నవ్వాడు. ఒక డబ్బా మీదకెక్కి, మార్కెట్టంతా వినేలా గొంతెత్తాడు. "చూడుండ్రి, ఆంధ్రా సరుకు, కొంచెం సన్నగున్నది, మచ్చ లేదు! నా బిడ్డ ఏరుకున్నది! ఒకటోసారి... రెండోసారి... ఎవరికన్న అభ్యంతరమా? మూడోసారి! ఖాయం!" హమాలీలు ఈలలు వేశారు. ఎవరో నా మెడలో బంతిపూల దండ పడేశారు.

మచ్చ లేదు అన్నాడు ఆయన. నేను దండ సర్దుకున్నాను.

మాఘంలో పెళ్లయింది. మరుసటి ఏడు ఆ కంపెనీ పిలవలేదు. తెలుగు విభాగం తీసేశారని తెలిసింది. రజిత కాల్ సెంటర్లో చేరింది. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్లు తిట్టినా, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని చెప్పేది. ఇంటికొచ్చాక ఎక్కువ మాట్లాడేది కాదు. గొంతు అరిగింది అనేది. ఆటలు ఆడటం మానేసింది.

ఒక్క ముచ్చట మాత్రం మానలేదు. పెళ్లిళ్లలో, బారసాలల్లో, ఎవరు మీరిద్దరూ ఎలా కలిశారు అన్నా, ప్లేటు పక్కన పెట్టి మొదలుపెట్టేది. చున్నీలో చుట్టిన ల్యాప్‌టాప్, టేబుల్ ఫ్యాను, డెబ్భై తొమ్మిది శాతం, చూరు నీళ్లు. ఆఖరున నా భుజం మీద చెయ్యి వేసి, "పద్దెనిమిది దినాలు! గింత ఓపికున్న మొగోడు మీకు దొరుకుతడా?" అనేది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ రెండు మూడు నిమిషాలు ఆమెకు పాత గొంతు వచ్చేది. అది ఆపే ధైర్యం నాకు లేకపోయింది. నేను కూడా నవ్వేవాణ్ణి.

మూడేళ్లు గడిచాయి. మార్చిలో ఒక రోజు రజితకు సెలవు. నాకు అన్నం డబ్బా తెచ్చి స్టూడియోలో కూర్చుంది. అప్పుడు యోగిత అని ఒక కాలేజీ అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"అన్నా, ప్లీజ్. గేమ్‌ప్లే వీడియో. ఫోర్ కే ఎక్స్‌పోర్ట్ చేస్తే బిట్‌రేట్ ఎనిమిది దాటట్లేదు. నేను యాభై పెట్టాను."

నేను అన్నం కలుపుతున్నాను. తల ఎత్తలేదు. "కింద ఎన్‌కోడింగ్ అని ఉంటుంది చూడమ్మా. హార్డ్‌వేర్ ఉంటే సాఫ్ట్‌వేర్ పెట్టు. ఒక నిమిషం ముక్క తీసి చూస్కో."

ఆమె పెట్టింది. తీసింది. "అయ్యో, వచ్చేసింది! అన్నా, నువ్వు దేవుడివి."

ముద్ద నోటిదాకా తెచ్చాక అప్పుడు తెలిసింది నాకు. తల ఎత్తాను. రజిత గోడ గడియారం చూస్తోంది.

"నాలుగు నిమిషాలు" అంది.

"తర్వాత నేర్చుకున్నాను" అన్నాను. "అప్పట్లో తెలియదు."

లోపలి గదిలోంచి భానుప్రకాశ్ బయటికొచ్చాడు. "అరే, ఇంకా దాస్తున్నవారా? పెండ్లై మూడేండ్లాయె. చెల్లె, మనోనికి రెండో దినమే ఎరుక. నేనే అన్న, పిల్ల పోతది, జెర తిప్పించుకో అని. లేకపోతే మీ పెండ్లి అయ్యేదా? నాకు బట్టలు పెట్టాలె మీరిద్దరు!"

యోగిత చెంపల మీద చేతులు పెట్టుకుంది. "ఎంత స్వీట్ అన్నా! అక్కని చూడ్డానికే చెప్పలేదా?"

రజిత నవ్వింది. వాళ్ల ముందు బాగానే నవ్వింది. ఖాళీ డబ్బా కడిగి సంచిలో పెట్టుకుంది. నేను సగం అన్నంలో లేచి ఆమె వెంట వెళ్లాను.

మెట్లబావి దాకా గబగబా నడిచింది. అక్కడ ఆగింది.

"రెండో దినమేనా?"

"అవును."

"ఫ్యాన్ తెచ్చిన దినం?"

"తెలుసు."

"గొంతు పోయేదాంక మళ్ల చెప్పి తెచ్చిన. అప్పుడు?"

"తెలుసు రజితా."

ఆమె గట్టు మీద కూర్చుంది. ఎవరో అమ్మాయి అబ్బాయి మెట్ల మీద ఫొటోలు దిగుతున్నారు. వాళ్లను చూస్తూ చాలా మెల్లగా అంది.

"చాయ్ తాగుదాం రా అంటే నేను రాకపోదునా బాబు? మొదటి దినమే వస్తుంటి. దానికి నా వీడియో ఆపాల్నా?"

 

ఆ నెలాఖరుకు స్టూడియో మానేశాను. వేరే చోట చేరాను. రజిత అన్నం వండింది, నవ్వింది, నా చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. ఒకసారి చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని మొదలుపెట్టాను.

"ఇప్పుడు గాదు" అంది. "నాకు అడగాలనిపించినప్పుడు నేనే అడుగుత. అప్పుడు అన్ని చెప్పు."

మే నెలలో కల్పలత కూతురి పుట్టినరోజు. ఎవరో కొత్త కోడలు, "అక్కా, మీది లవ్ మ్యారేజంట కదా, చెప్పవా?" అని అడిగింది. రజిత ప్లేటు కింద పెట్టలేదు. "ఏముంది, షాపుల కలిసినం" అంది. పులిహోర తింది.

ఆగస్టులో రజితకు జ్వరం వచ్చింది. నాలుగో రోజున ఆసుపత్రిలో చేర్చాను. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. ఆరో రోజు నర్సు కాగితం చూసి అంకె చెబితే, రజిత మంచం మీదనే గొంతు లేపింది. "ఇరవై రెండు వేలు, ఇరవై రెండు... దిగుతున్నది, దిగుతున్నది... డాక్టర్ గారు మైదానంల దిగిండ్రు!" నర్సు నవ్వింది. పక్క మంచాలవాళ్లు నవ్వారు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అడుగుతుందేమోనని చూశాను. నిద్రొస్తోంది అంది.

తొమ్మిదో రోజున పోయింది. అడగలేదు.

ఆమె పోయిన పదకొండో రోజు, కర్మ భోజనాలయ్యాక సదాశివ నన్ను డాబా మీదికి పిలిచాడు. ఆయన గొంతు బాగా తగ్గిపోయింది.

"అల్లుడా, ఒకటి అడుగుత. నా బిడ్డ మీ ముచ్చట చెప్తుంటే నేను మార్కెట్ల సుత అందరికి చెప్పుకున్న. ఈ నడుమ చెప్పుడు బంద్ చేసింది. మీరేమన్న కొట్లాడిండ్రా?"

ఆయనకు అబద్ధం చెప్పలేదు. మొత్తం చెప్పాను. హార్డ్‌వేర్ అని మళ్లీ పెట్టిన నా చెయ్యి దగ్గర్నుంచి, మెట్లబావి గట్టు దాకా. కొడతాడనుకున్నాను. ఆయన గోడకు ఆనుకున్నాడు. కింద ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.

"నిన్ను మాఫ్ చేసేది నేను గాదు" అన్నాడు చివరికి. "చేసేటామె పోయింది. కానీ ఇది ఇంకెవ్వరికి చెప్పకు బిడ్డా. మార్కెట్ల, చుట్టాలల్ల, అది చెప్పిన ముచ్చటే ఉన్నది. అది ఎంత మంచిగ చెప్పింది. దాన్నట్లనే ఉండనియ్యి."

సరేనన్నాను.

భానుప్రకాశ్ ఆ రోజు గేటు దాకా వచ్చాడు. నేను లోపలికి రమ్మనలేదు. ఇప్పటికీ తన దగ్గర చేరే కుర్రాళ్లకు మా కథ చెప్పి నవ్విస్తాడని విన్నాను. చెప్పుకోనీ. ఆయన ఇచ్చింది మాట. మార్చింది నా చెయ్యి. ఇద్దర్లో ఎవరినీ నేను క్షమించలేదు.

సదాశివకు ఇచ్చిన మాట ఒక్కసారి తప్పాను, ఇక్కడ రాసి. ఆమె అడిగి ఉంటే చెప్పాల్సిన మాటలు ఇవి. అడగకుండానే పోయింది గనుక రాశాను. ఇక మీద ఎవరడిగినా, మేం ఒక షాపులో కలిశామని చెబుతాను. అంతకు మించి ఈ విషయం నేను మాట్లాడను.